కరణం జేబులో కొత్త పెన్ను

1935 జులై 16న గాంధీ వార్ధా నుంచి రాజమండ్రికి ఒక చిన్న ఉత్తరం రాశారు. గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్ప ద్వారా పంపిన ఫౌంటెన్ పెన్ను అందిందనీ, వాడి చూశాననీ, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొచ్చేలా ఉందనీ దాని సారాంశం. ఉత్తరం అందుకున్నది ఆ పెన్ను చేసిన కోసూరి వెంకటరత్నం. కొత్త పెన్ను పట్టుకుని నాలుగు ముక్కలు రాసి చెప్పిన అభిప్రాయాల్లో తెలుగునాట ఇంత పేరు తెచ్చుకున్నది మరొకటి లేదు. అందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. ‘బాగుంది’ అని ఆయన తేల్చెయ్యలేదు, ‘పనికొచ్చేలా ఉంది’ అని ఊరుకున్నారు. ఇంకు పెన్నుతో కొన్నాళ్లు కాపురం చేసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. మొదటి రోజు రాసినట్టు అది నెల తిరిగాక రాయదు.

ఆ ఉత్తరం రాసేనాటికి నెల్లూరు జిల్లా పడమటి తాలూకాల్లో, అంటే పెన్న ఒడ్డునున్న సంగం మీదుగా ఆత్మకూరు, ఉదయగిరి వైపు సాగే మెట్ట ప్రాంతంలో, రాతపని కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. ఊరి భూముల లెక్కలు రాసే కరణం, తాలూకా ఆఫీసు గుమాస్తా, బడిపంతులు, వకీలు, దస్తావేజు రాసే లేఖరి. ఊళ్లో మిగతా జనమంతా వాళ్లు రాసిన కాగితం కింద బొటనవేలు అద్దేవారే. పల్లెలో కొత్త పెన్ను గొప్పతనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే దీన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి.

నెల్లూరు సీమకు రాతగాళ్ల కథలు కొత్త కాదు. తిక్కన పదిహేను పర్వాలు చెబుతుంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా రాశాడని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. కవి ఆగకూడదు, రాసేవాడు మళ్లీ అడగకూడదు. అదీ ఒప్పందం. ఒకచోట తిక్కనే తడబడితే ఆ తడబాటు మాట కూడా పద్యంలో అతికిపోయిందట. నిజానిజాల సంగతి అటుంచితే, కవితో సమానంగా వ్రాయసగాడి పేరు నిలబడిపోవడం మన సాహిత్య చరిత్రలో అరుదైన విషయం. 15వ శతాబ్దంలో ఉదయగిరి ప్రభువు బసవరాజుకు దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని అంకితమిచ్చాడు. ఆ ప్రభువు మంత్రి గంగయ్యకు నంది మల్లయ, ఘంట సింగయ కవులు ప్రబోధచంద్రోదయాన్ని అంకితమిచ్చారు. ఇవన్నీ తాటాకు మీద ఇనప గంటంతో గీసిన కావ్యాలే.

గంటానికి సిరా అక్కర్లేదు. ఆకును ఎడమచేత పట్టుకుని, బొటనవేలి ఆనుకోలుతో మొనను నడిపిస్తూ గీసుకుంటూ పోవాలి. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు. తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలతాయి. ఈనె వెంట నిలువుగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టే తెలుగు అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు అంటారు. కారణం అదొక్కటే అయినా కాకపోయినా, అక్షరాలు గుండ్రంగా ఉన్నమాట వాస్తవం. శతాబ్దాల తర్వాత విదేశీ పాళీకి పరీక్ష పెట్టింది కూడా ఆ గుండ్రదనమే.

కరణాల ఇళ్లలో తాటాకు దండకవిలెలు ఉండేవి. ఊరి పుట్టుక, ఇనాములు, దేవుడి మాన్యాలు, చెరువుల లెక్కలు అన్నీ వాటిలోకి ఎక్కేవి. కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన ఊళ్ల చరిత్రలైన కైఫియతులకు చాలాచోట్ల ఈ కవిలెలే ఆధారం. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు నెల్లూరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఉదయగిరిలో మాత్రం జాగీరుదారు మరికొన్నాళ్లు ఉన్నాడు. 1839లో తన మీద కర్నూలు నవాబు పన్నిన కుట్రలో అతనికి పాలుందన్న ఆరోపణతో కంపెనీ ఆ జాగీరునూ లాగేసుకుంది. అంతవరకూ ఉదయగిరి దుర్గం కింద ఊళ్లో ఫార్సీ రాతకు రెల్లు కలం, తెలుగు లెక్కకు గంటం పక్కపక్కనే నడిచాయి. కొండమీది మసీదులో ఫార్సీ శాసనాలు నేటికీ ఉన్నాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు తిరగేస్తే ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల రాతిరాతలు ఊరివారీగా కనిపిస్తాయి. ఈ మెట్టసీమలో వాన కరువుంది గాని రాతకు కరువు లేదు.

కంపెనీ కచేరీలు కాగితం అడిగాయి. కాగితానికి సిరా కావాలి. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే వచ్చే సిరా రాసేటప్పుడు పల్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. నీళ్లు పడ్డా ఒక పట్టాన చెరగదు కనుక దస్తావేజులకు ఇదే నమ్మకం. అయితే దానిలోని పులుపు ఇనుమును తింటుంది. బాతు ఈకల తర్వాత బర్మింగ్‌హాం ఉక్కు పాళీలు పెట్టెలకొద్దీ దిగుమతయినా ఈ సిరా ముందు అవి ఎక్కువ కాలం నిలవలేదు. పాళీ పాడైతే తీసి పారేసి ఇంకోటి గుచ్చుకోవడమే. రెండు మూడు మాటలకోసారి బుడ్డిలో ముంచడం, విదిలించడం, అద్దుడు కాగితం పెట్టడం కచేరీ గుమాస్తా దినచర్యలో భాగమైపోయాయి.

ఆ ముంచుడు బాధ తప్పించిన వస్తువే ఫౌంటెన్ పెన్ను. 1884లో న్యూయార్కులో లూయీ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న పెన్నులో కిటుకు పాళీలో లేదు, పాళీ కింద నాలుకలా ఆనుకుని ఉండే గాడి ముక్కలో ఉంది. సిరా దిగుతుంటే దానికి బదులు గాలి లోపలికి పోయేలా ఆ గాళ్లు చేస్తాయి. ఇన్సూరెన్సు ఏజెంటుగా ఉన్నప్పుడు కాగితం మీద సిరా ఒలికి ఒప్పందం చెడిందనీ, ఆ కోపంతోనే ఈ పెన్ను చేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. పెన్నుల కంపెనీ ప్రకటనల వాసన కొట్టే కథ అది. నెల్లూరు మద్రాసుకు దగ్గర కావడంతో ఇక్కడి చదువుకున్నవాళ్ల చూపు అటే ఉండేది. వాళ్లకు తెలిసిన పేర్లు లండన్ స్వాన్, దాని తమ్ముడి లాంటి బ్లాక్‌బర్డ్, అమెరికా వాటర్‌మన్, పార్కర్. బంగారు పాళీ మోజు కేవలం దర్జా కోసం వచ్చింది కాదు. అన్నభేది సిరా ఉక్కును తిన్నట్టు 14 క్యారెట్ల బంగారాన్ని తినలేదు. బంగారం మెత్తన కాబట్టి కాగితానికి తగిలే మొన మీద మాత్రం ఇరీడియం జాతి గట్టి లోహాన్ని చుక్కగా అతికేవారు.

ఈ సరంజామాకు స్వదేశీ జవాబులు వెతికినవాళ్లు వెంకటరత్నంకన్నా ముందూ ఉన్నారు. కాశీలో రాధికానాథ్ సాహా లక్ష్మీ స్టైలో పెన్ను చేసి పేటెంట్లు తీసుకున్నాడు. మద్రాసు ప్యారీస్‌లో జెం అండ్ కంపెనీ 1920లలోనే వ్యాపారం మొదలుపెట్టింది. హైదరాబాదులో 1928లో డెక్కన్ పెన్ స్టోర్స్ వెలిసింది. అయినా తెలుగువారికి ‘మన పెన్ను’ అనగానే గుర్తొచ్చింది రాజమండ్రే. దానికి కారణం గాంధీ పెట్టిన పరీక్ష.

వెంకటరత్నం కంసాలి పనిలో చెయ్యి తిరిగిన మనిషి. 1921లో గాంధీని కలిస్తే, గుండుసూదో మరొకటో జనానికి పనికొచ్చే స్వదేశీ వస్తువు ఏదైనా చెయ్యమన్నారని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. అదే ఏడు ఏప్రిల్ 7న గాంధీ నెల్లూరు దగ్గర పల్లిపాడులో, ఇదే పెన్న ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. చతుర్వేదుల కృష్ణయ్య, దిగుమర్తి హనుమంతరావు దాన్ని నడిపారు. సంగం దగ్గర ఆనకట్ట దాటిన నీళ్లు పల్లిపాడు పక్కనుంచే సముద్రంలోకి పోతాయి. రాజమండ్రిలో పెన్నుల పని 1932 నాటికి ఒక దారిన పడింది. తొలుత పంపిన పెన్నులో విదేశీ భాగం ఉందని గాంధీ ఒప్పుకోలేదని అంటారు. 1934 డిసెంబరులో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి జె.సి. కుమారప్ప కార్యదర్శి. లండన్‌లో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, కొలంబియాలో అర్థశాస్త్రం చేసి, చివరకు గానుగలూ తేనెటీగలూ లెక్కగట్టడానికి వచ్చిన మనిషి ఆయన. పెన్ను ఆయన చేతుల మీదుగా వెళ్లడంలో అర్థముంది. పాళీ నునుపు ఒక్కటే చూస్తే చాలదు, అది ఎక్కడ పుట్టిందో, ఎవరి కూలితో తయారైందో కూడా చూడాలన్నది ఆ సంఘం పట్టుదల.

రత్నం పెన్ను ఒళ్లు ఎబొనైటు. రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి నల్ల కడ్డీ అది. కడ్డీ ముక్కను లేతు మీద తిప్పుతూ గుల్ల తొలుస్తారు, మరలు కోస్తారు, మూత బిగిస్తారు, ఉప్పు కాగితంతో రుద్ది మెరుగు పెడతారు. అడిగినవారికి పేరు కూడా చెక్కి ఇస్తారు. అచ్చుపోసిన పెన్నుల్లా ఇవన్నీ ఒక్కలాగే ఉండవు. మూత తిప్పితే ఒక పెన్నుది రెండు చుట్లకే బిగుస్తుంది, ఇంకోదానిది నాలుగు చుట్లు తిరుగుతుంది. చేతిపని కదా, ఆ మాత్రం తేడా దాని లక్షణం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఉదయగిరిలో నర్ది కర్రతో చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉలి, ఆకురాయి పట్టిన చేతులు అంత నేర్పుగా ఉన్న ఊళ్లో పెన్నుల పని ఎందుకు పుట్టలేదు? కర్ర సిరాను పీలుస్తుంది, ఉబ్బుతుంది, ఎండకు నెర్రె విడుస్తుంది. గుల్లలో నేరుగా సిరా పోసే పెన్నుకు ఎబొనైటు కుదిరినట్టు కర్ర కుదరదు. కడ్డీ, పాళీ రెండూ బయటినుంచి తెచ్చుకోవాల్సిన పనికి గోదావరి ఒడ్డు రైలు పట్నం తగినచోటు, రైలు రాని ఉదయగిరి కాదు.

అసలు పరీక్ష పెన్ను చేతికొచ్చాకే. కొత్త పెన్ను కొన్నవాడు ముందు పాళీని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. చీలిక నడిమధ్యగా ఉందా, రెండు కొనలూ సమంగా కలిశాయా అన్నది ఆ చూపులో తేలుతుంది. తర్వాత బొటనవేలి గోరు మీద గీస్తాడు. గీసుకుంటే పనికిరాదు. ఫిల్లరుతో సిరా పోసి, మర మీద రవ్వంత వేసలీను రాసి బిగించి, కాగితం మీద మొట్టమొదట ‘శ్రీ’ రాస్తాడు. భక్తి సంగతి ఎలా ఉన్నా పాళీకి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. ఆ ఒక్క అక్షరంలోనే గుండ్రన, వంపు, పైకెక్కే గుడిదీర్ఘం, కిందనుంచి చుట్టుకొచ్చే క్రావడి అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు కలిపిరాతలో కలం చాలావరకు ఒకే వాలులో సాగుతుంది. తెలుగు అక్షరం పాళీని ఎనిమిది దిక్కులా తిప్పుతుంది. కిందికి లాగినప్పుడు నున్నగా జారిన పాళీ, సున్న చుట్టడానికి పైకి నెట్టగానే కాగితం పీచును పట్టుకుంటుంది. అందుకే దొరల సంతకానికి బ్రహ్మాండంగా నడిచిన పాళీ కరణంగారి లెక్కలో ‘ళ’ దగ్గరా ‘క్ష’ దగ్గరా మొరాయించేది. ‘శ్రీ’ తర్వాత సొంత సంతకం, ఆ తర్వాత కొట్లో అప్పు చీటీ. తీర్పు అప్పటికి వచ్చేస్తుంది. కక్కుతోందనో, గీరుతోందనో, నీళ్లలా పోతోందనో నాలుగు మాటల్లో దాని జాతకం చెప్పేస్తారు.

కక్కడానికి ఈ ప్రాంతంలో ప్రత్యేక కారణముంది. గుల్లలో సిరా సగం అయ్యాక మిగతా చోటంతా గాలే. చేతి వెచ్చదనానికి, రోహిణి కార్తె ఎండకు ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు తోస్తుంది. అప్పుడే ముత్యాల్లాంటి అక్షరాల మధ్య ఇంత బొట్టు రాలుతుంది. ఎబొనైటు వేడిని త్వరగా పట్టించుకోదు కాబట్టి లోహపు పెన్నుకన్నా దీనిలో ఆ బెడద కొంత తక్కువ. గుల్ల సగానికి దిగకముందే మళ్లీ నింపుకోవాలని, జేబులో నిటారుగానే పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. మాట విననివాళ్ల చొక్కా జేబులు చూస్తే తెలిసిపోయేది.

పెన్ను నిజంగా పరీక్షకు నిలబడే రోజులు జమాబందీవి. శిస్తు లెక్కల ఫసలీ ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఆ లెక్కలు సరిచూసే జమాబందీకి కరణాలు అడంగళ్లు, చిట్టాలు మూటగట్టుకుని తాలూకా కేంద్రానికి వచ్చేవారు. కాగితాల నిండా గళ్లు, గళ్ల నిండా సర్వే నంబర్లు, సెంట్లు, శిస్తు. సన్న పాళీ లేకపోతే అంకెలు గడిలో ఇమడవు. మరీ సన్నదైతే సర్కారు కాగితం చిరుగుతుంది. కరణం తన పెన్నును ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒకరి చేతివాలుకు అరిగిన పాళీ ఇంకొకరి చేతిలో ఎదురు తిరుగుతుందని ఆయన అనేవాడు. ఆ మాట నిజమే, మొనమీది గట్టి లోహం సైతం ఏళ్ల తరబడి ఒకే కోణంలో అరుగుతుంది. ఇంకో నిజం కూడా ఉంది. ఊరి భూమి ఎవరి పేర ఉండాలో రాసే పనిముట్టు అది. సామాన్యుడి చేతికి పోవడం కరణానికి ఇష్టముండదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసేవరకూ ఆ జేబులోని పెన్నుకు ఊరు భయపడుతూనే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత పెన్ను చవకైంది. మద్రాసులో పైలట్ పెన్నులు తయారయ్యాయి, బ్రిల్, క్వింక్, సులేఖ సిరాలు కిరాణా కొట్లలోకి వచ్చాయి. ఆ డబ్బు కూడా లేని పిల్లలు సిరా బిళ్ల నీళ్లలో కరిగించుకునేవారు. పెన్నుకింత అని పైసలు తీసుకుని కొట్లోనే సిరా నింపి పంపేవారు. పెళ్లికొడుకు జేబులో పెన్ను లేకపోతే ఫొటోకు నిండుదనం రాదనుకున్న కాలమది. బాల్ పెన్ను వచ్చాక బడిపంతుళ్లు దస్తూరి చెడుతుందని దాన్ని తరగతిలోకి రానివ్వలేదు. బ్యాంకులు దాని సంతకాన్ని అనుమానించాయి. ఆ కోట 1980ల చివరలో రెనాల్డ్స్ 045 ధాటికి కూలింది. కక్కదు, నింపనక్కర్లేదు, పోతే పోయింది.

ఇంకు పెన్ను ఏలిన దశాబ్దాల్లో ఊరు చదవనే లేదు. 1951 జనాభా లెక్కల్లో దేశ అక్షరాస్యత 18.33 శాతం. 1991లో కూడా ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో అక్షరాలు వచ్చింది 32.7 శాతానికే. అంటే ఫౌంటెన్ పెన్ను ఎంత ముద్దొచ్చినా పై కులాల, కచేరీల, మగవాళ్ల వస్తువుగానే బతికి వెళ్లిపోయింది. దాని చరిత్ర చెప్పుకునేటప్పుడు ముచ్చటతో పాటు ఈ లెక్కా చెప్పాలి. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ సాక్షరతా ఉద్యమం మొదలైంది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా తాగుడు మీది పాఠం చదివి, ఆ మాటలకే కదిలి, ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలంపాటలు సాగకుండా ఆడవాళ్లు అడ్డం నిలిచారు. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పంచతంత్రం రాసిన కవి ఇంటిపేరూ దూబగుంటే. ఆయన రాసింది గంటంతో, వీళ్లు దిద్దింది పలక మీద. మధ్యలో వచ్చిన బంగారు పాళీ వీళ్ల చేతికి అందలేదు.

రత్నం పెన్నులు రాజమహేంద్రవరంలో ఇప్పటికీ చేత్తో తయారవుతున్నాయి. అక్కడి గైడర్ పెన్నులూ అంతే. చేయించుకునేవాళ్లలో విదేశాల్లోని తెలుగువాళ్లు, పెన్నులు పోగేసే సరదా ఉన్న కుర్రవాళ్లు కనిపిస్తున్నారు. మీ ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టెలో పాత ఎబొనైటు పెన్ను దొరికితే వేణ్నీళ్లలో వెయ్యకండి, నలుపు పోయి గోధుమరంగు తేలుతుంది. చన్నీళ్లలో ఒక రాత్రి పాళీవైపు నానబెట్టి, గట్టిపడిన సిరా వదిలేదాకా నీళ్లు మార్చండి. బొమ్మలు వేసే సిరాగాని జెల్ సిరాగాని పొయ్యవద్దు, మామూలు నీలం ఇంకు చాలు. తాతగారి వాలుకు అరిగిన పాళీ కదా, మొదట కాసేపు గీరుతుంది. పెన్నును కొంచెం ఇటూ అటూ తిప్పి పట్టుకుని ఒక పేజీ నిండా రాయండి. బాగుందో లేదో ఆ తర్వాత చెప్పండి.